తటస్థ నేలపై యుద్ధ విమానం: గుర్తులు చదివే విద్య

యుద్ధంలో ఉన్న దేశపు సైనిక విమానం తటస్థ దేశంలో దిగితే, అక్కడి అధికారులు ముందుగా తేల్చవలసింది అది ఎవరిదన్నది. ఆ తర్వాతే మిగతా పనులు: సిబ్బందిని నిర్బంధించాలా, విమానాన్ని ఎక్కడ ఉంచాలి, ఏ దేశపు రాయబారికి కబురు పంపాలి. 1907 నాటి హేగ్ ఒడంబడిక ప్రకారం, తన భూభాగంలోకి వచ్చిన యుద్ధరత దేశాల సైనికులను తటస్థ దేశం యుద్ధం ముగిసేదాకా నిర్బంధంలో ఉంచాలి. ఆ నియమం నేల మీద నడిచే సేనలను దృష్టిలో పెట్టుకుని రాసింది. విమానాల కోసం 1922-23లో హేగ్‌లోనే న్యాయనిపుణులు ప్రత్యేక నియమావళి తయారుచేశారు. ఏ దేశమూ దాన్ని అధికారికంగా ఆమోదించలేదు గాని, ఆచరణ చాలావరకు ఆ దారిలోనే సాగింది. సైనిక విమానం తన దేశాన్నీ, సైనిక స్వభావాన్నీ తెలిపే గుర్తును బయట ధరించాలనీ, ఆ గుర్తు గాలిలో ఉండగా మార్చడానికి వీల్లేనిదై, పైనుంచీ కిందనుంచీ రెండు పక్కలనుంచీ కనబడేలా ఉండాలనీ ఆ నియమావళి చెబుతుంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానం మీద సాధారణంగా నాలుగు రకాల రాతలు ఉండేవి. మొదటిది దేశం గుర్తు. రెండోది దళం గుర్తు. మూడోది ఆ దళంలో ఆ ఒక్క విమానానికి ఇచ్చిన అక్షరమో అంకెయో. నాలుగోది కర్మాగారంలోనో, కొనుగోలు శాఖలోనో కేటాయించిన వరుస సంఖ్య. మొదటి మూడూ యుద్ధభూమి అవసరాల కోసం పూసిన రంగులు. అవసరాన్ని బట్టి మారిపోయేవి. నాలుగోది దస్తావేజుల కోసం పుట్టింది. విమానం చేతులు మారినా దాన్ని వదలదు. తటస్థ దేశాల్లో దిగిన విమానాల చరిత్రను తిరిగి కట్టగలగడానికి ఈ తేడాయే ఆధారం.

జాతీయ చిహ్నాల పుట్టుక

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు చాలా విమానాల మీద ఏ గుర్తూ లేదు. తలమీద ఎగిరే ప్రతి విమానం మీదా కింద ఉన్న సైనికులు కాల్పులు జరిపేవారు. సొంత విమానాలూ ఆ కాల్పులకు గురయ్యేవి. ఫ్రాన్స్ అప్పటికే మూడు రంగుల వలయాన్ని వాడుతోంది. బ్రిటన్ మొదట తన జెండాను రెక్కల మీద వేసుకుంది. దూరం నుంచి ఆ జెండాలోని శిలువ జర్మన్ శిలువలా కనబడుతోందని తేలడంతో, 1914 చివరినాటికి ఫ్రెంచి వలయాన్నే రంగుల వరస తిప్పి స్వీకరించింది. జర్మనీ 1918లో వంపుల శిలువను వదిలి నిటారు గీతల శిలువకు మారింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ విమానాల మీద కనబడేది ఈ రెండో రకం శిలువే. తోక మీద అదనంగా స్వస్తిక ఉండేది.

ఈ చిహ్నాలు యుద్ధం మధ్యలో కూడా మారాయి. అమెరికా నక్షత్రం నడుమ ఉన్న ఎర్రచుక్క జపాన్ సూర్యబింబంతో పొరబాటుకు తావిస్తోందని 1942 మేలో దాన్ని తీసేశారు. 1943 జూన్‌లో నక్షత్రానికి రెండు పక్కలా తెల్ల పట్టీలు చేర్చి చుట్టూ ఎర్ర అంచు వేశారు. ఆ ఎర్రదనం కూడా అనుమానాలకు దారితీయడంతో సెప్టెంబరులో అంచును నీలంగా మార్చారు. భారత్-బర్మా రంగంలో బ్రిటిష్ వాయుసేన, భారత వాయుసేన తమ వలయాల్లోంచి ఎరుపును తొలగించి నీలం ఛాయలతోనే సరిపెట్టుకున్నది ఇదే కారణంతో. కాబట్టి తేదీ లేని ఫొటోలో జాతీయ చిహ్నం రూపం దొరికితే, అది ఏ నెలల మధ్య తీసినదో చాలావరకు చెప్పవచ్చు.

జర్మన్ సంకేతాక్షరాలు: డూబెన్‌డార్ఫ్ ఉదాహరణ

జర్మన్ వాయుసేనలో బాంబర్లు, రాత్రి ఫైటర్లు, రవాణా విమానాల వంటి వాటికి నాలుగు సంకేతాలుండేవి. విమాన దేహం మీద శిలువకు ఎడమ పక్కన రెండు, కుడి పక్కన రెండు. ఎడమవైపు జంటలో ఒక అక్షరం, ఒక అంకె కలిసి ఉండేవి; అవి పెద్ద దళాన్ని సూచిస్తాయి. మూడోది ఆ విమానపు సొంత అక్షరం. నాలుగోది స్టాఫెల్ అనే చిన్న దళాన్ని తెలిపేది. మొదటి మూడు స్టాఫెళ్లకు హెచ్, కె, ఎల్. తర్వాతి మూడింటికి ఎం, ఎన్, పి. ఆ తర్వాత ఆర్, ఎస్, టి. మధ్యలో ఐ, జె, ఓ, క్యూ అక్షరాలను వదిలేశారు. దళ కార్యాలయపు విమానాలకు ఎ, బి, సి, డి వంటి మొదటి అక్షరాలు కేటాయించారు. సొంత అక్షరానికి రంగు కూడా ఒక అర్థం ఇచ్చేది: మూడేసి స్టాఫెళ్ల గుంపులో మొదటిదానికి తెలుపు, రెండోదానికి ఎరుపు, మూడోదానికి పసుపు. పగటి పూట ఎగిరే ఒంటి ఇంజను ఫైటర్లకు ఈ పద్ధతి లేదు; వాటికి రంగు అంకెలు, గీతలు, బాణపు గుర్తులు ఉండేవి.

1944 ఏప్రిల్ 27 రాత్రి బ్రిటిష్ వాయుసేన మూడు వందలకు పైగా లాంకాస్టర్ బాంబర్లతో ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ పట్టణం మీద దాడి చేసింది. యుద్ధ ట్యాంకుల గేర్‌బాక్సులు తయారయ్యే ఊరది. కాన్‌స్టన్స్ సరస్సుకు ఇవతలి ఒడ్డున జర్మనీ, అవతలి ఒడ్డున స్విట్జర్లాండ్. బాంబర్లను తరుముతూ వచ్చిన ఒక మెసర్‌ష్మిట్ 110 రాత్రి ఫైటర్ ఎదురుకాల్పుల్లో ఒక ఇంజను దెబ్బతిని స్విస్ గగనతలంలోకి వెళ్లింది. 28వ తేదీ తెల్లవారుజామున అది జూరిక్ దగ్గరున్న డూబెన్‌డార్ఫ్ సైనిక విమానాశ్రయంలో దిగింది. పైలట్ విల్‌హెల్మ్ యోనెన్‌తో పాటు మరో ఇద్దరు సిబ్బంది అందులో ఉన్నారు.

విమానం పక్కన రాసి ఉన్నది సి9+ఈఎన్. పద్ధతి తెలిసినవారికి ఈ నాలుగు సంకేతాలు ఒక పూర్తి చిరునామా. సి9 అంటే అయిదో రాత్రి ఫైటర్ దళం. చివరి ఎన్ అంటే ఆ దళంలో అయిదో స్టాఫెల్. మధ్యనున్న ‘ఈ’ అక్షరం ఆ స్టాఫెల్‌లో ఆ ఒక్క విమానానిది. అంటే, సిబ్బంది నోరు విప్పకపోయినా వారు ఏ దళానికి చెందినవారో గోడ మీద రాసినంత స్పష్టంగా ఉంది.

స్విస్ అధికారులకు దళం పేరు కన్నా ఆసక్తి కలిగించినవి వేరే ఉన్నాయి. విమానం ముక్కు మీద కొమ్ముల్లా పొడుచుకొచ్చిన ఏంటెన్నాలు ఎస్ఎన్-2 అనే కొత్త రాడార్‌వి. వెనుక భాగంలో పైకి వంచి అమర్చిన ఫిరంగులు శత్రు బాంబర్ కిందికి చేరి పొట్టలోకి కాల్చడానికి ఉద్దేశించినవి. బ్రిటిష్ బాంబర్ దళం ఈ రెండింటి వల్లా భారీగా నష్టపోతోంది, కాని వాటి గుట్టు ఇంకా పూర్తిగా దొరకలేదు. పైగా సిబ్బంది దగ్గర రహస్య రేడియో పత్రాలు కూడా ఉన్నాయి. అందుకే బెర్లిన్ కంగారుపడింది. విమానంలో వచ్చినవారి బంధువులను గెస్టపో అదుపులోకి తీసుకుంది. మరోపక్క దౌత్య మార్గంలో బేరం సాగింది. డూబెన్‌డార్ఫ్‌లో ఉన్న విమానాన్ని జర్మన్ ప్రతినిధుల ఎదుట ధ్వంసం చేయడానికి స్విట్జర్లాండ్ ఒప్పుకుంది. బదులుగా 12 మెసర్‌ష్మిట్ 109 జి-6 ఫైటర్లను కొనుక్కునే అవకాశం పొందింది. ధర ఒక్కొక్కటి 5 లక్షల స్విస్ ఫ్రాంకులు. మే నెలలోనే విమానాన్ని ధ్వంసం చేశారు, ఫైటర్లు అందాయి. యుద్ధం చివరి దశలో హడావిడిగా కట్టిన ఆ ఫైటర్లు నాసిరకంగా ఉండి, కొద్ది ఏళ్లకే సేవ నుంచి తప్పుకున్నాయి. సి9+ఈఎన్ వస్తురూపంలో మిగల్లేదు. దాని గురించి నేడు తెలిసినదంతా స్విస్‌లు తీసిన ఫొటోలు, రాసుకున్న పత్రాల చలవే.

వరుస సంఖ్యలు, ఫలకాలు

పక్కన రాసిన సంకేతాలు దళం మారితే మారతాయి. ఒకే విమానం తన జీవితంలో రెండు మూడు చిరునామాలు మార్చుకోవడం మామూలే. జర్మన్ విమానాలకు కర్మాగారం నుంచి బయటికొచ్చేటప్పుడు నాలుగు అక్షరాల రేడియో సంకేతం ఒకటి వేసేవారు. దళానికి చేరాక దాన్ని చెరిపి దళ సంకేతం రాసేవారు. పలచగా పడిన పైరంగు కింద పాత అక్షరాలు ఫొటోల్లో కనబడి, చూసేవారిని తికమకపెట్టిన సందర్భాలున్నాయి. మారనిది కర్మాగార సంఖ్య. అది తోక మీద చిన్న అంకెల్లోనూ, లోపల బిగించిన లోహపు ఫలకం మీదా ఉండేది. లారీకి నంబరు ప్లేటు మారినా ఛాసిస్ నంబరు మారనట్టే ఇదీ.

శత్రుదేశాల గూఢచార విభాగాలకు ఈ ఫలకాలు బంగారమే. వరుస సంఖ్యలు కొన్ని చేతికి చిక్కితే, మొత్తం ఎన్ని తయారవుతున్నాయో లెక్కగట్టవచ్చు. మిత్రరాజ్యాల గణాంక నిపుణులు జర్మన్ ట్యాంకుల మీది సంఖ్యలతో ఈ పని చేశారు. 1942 ఆగస్టులో నెలకు 327 ట్యాంకులు తయారవుతున్నాయని వారు అంచనా వేశారు. సంప్రదాయ గూఢచార నివేదికలు 1,550 అన్నాయి. యుద్ధం తర్వాత జర్మన్ దస్తావేజుల్లో దొరికిన అసలు లెక్క 342. ఈ ప్రమాదం అన్ని పక్షాలకూ తెలుసు. అందుకే బ్రిటన్ తన విమానాలకు అక్షరాలు, అంకెలు కలిపిన సంఖ్యలు ఇస్తూ మధ్యమధ్య కొన్ని వరుసలను కావాలనే వదిలేసింది. జర్మనీ కర్మాగార సంఖ్యలను తెంపులు తెంపులుగా కేటాయించింది, పరికరాల ఫలకాల మీద తయారీ సంస్థ పేరుకు బదులు మూడక్షరాల సంకేతం వేయించింది.

చిన్నాచితకా రాతలు కూడా పనికొచ్చేవే. జర్మన్ విమానం మీద ఇంధనం నింపే చోట పసుపు త్రికోణం ఉండి, అందులో 87 అనో, సి3 అనో రాసి ఉండేది. ఏ రకం పెట్రోలు వాడాలో నేల సిబ్బందికి చెప్పడానికి పెట్టిన గుర్తది. పరిశీలకుడికి మాత్రం లోపల ఏ తరహా ఇంజను ఉందో దాని ద్వారా తెలుస్తుంది.

తటస్థ దేశం విమానాన్ని తన సేవలోకి తీసుకుంటే ఆ కొత్త సంఖ్య కూడా పాత సంఖ్యతో ముడిపడుతుంది. 1942 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విమానాశ్రయంలో దిగిన బ్రిటిష్ మస్కిటో నిఘా విమానం సంఖ్య డికె310. స్విస్ వాయుసేనలో అది మొదట ఇ-42గా, తర్వాత బి-4గా పిలవబడింది. మూడు పేర్లూ ఒకే యంత్రానివని చెప్పగలిగేది మొదటి సంఖ్యను ఎవరో కాగితం మీద పెట్టినందువల్లనే.

అమెరికన్ బాంబర్ల తోక రాతలు

తటస్థ దేశాల్లో దిగిన విమానాల్లో పెద్ద వాటా అమెరికన్ బాంబర్లది. ఒక్క స్విట్జర్లాండ్‌లోనే 160కి పైగా అమెరికన్ విమానాలు దిగడమో కూలడమో జరిగింది. స్వీడన్‌కు వెళ్లినవీ వందకు పైనే. వాటిలో చాలా భాగం దక్షిణాన మాల్మో దగ్గరి బుల్టోఫ్తా విమానాశ్రయంలో వాలాయి. ఇంగ్లండ్‌కు తిరిగి వెళ్లలేనంతగా దెబ్బతిన్నవాటికి అవే దగ్గరి దారులు.

అమెరికన్ సంఖ్యలో మొదటి రెండు అంకెలు కొనుగోలు ఉత్తర్వు ఇచ్చిన ఆర్థిక సంవత్సరాన్ని తెలుపుతాయి. తోక మీద రాసేటప్పుడు మొదటి అంకెనూ మధ్య గీతనూ వదిలేస్తారు. అందువల్ల 42-32076 అనే విమానం తోక మీద 232076 అని ఉంటుంది. ఇంగ్లండ్ నుంచి ఎగిరిన ఎనిమిదో వాయుసేనలో మొదటి డివిజన్ గుర్తు త్రికోణం, రెండోదానిది వృత్తం, మూడోదానిది చతురస్రం. ఆ ఆకారం లోపలి అక్షరం బాంబర్ గ్రూపును తెలిపేది. విమాన దేహం మీది రెండక్షరాలు స్క్వాడ్రన్‌వి. మరో అక్షరం ఆ విమానానిది. త్రికోణంలో ఎ ఉంటే అది బాసింగ్‌బోర్న్ స్థావరానికి చెందిన 91వ బాంబర్ గ్రూపు. ఆ గ్రూపులో ఎల్ఎల్ అంటే 401వ స్క్వాడ్రన్.

పైన చెప్పిన 42-32076 సియాటిల్‌లో బోయింగ్ కట్టిన బి-17జి. సిబ్బంది ఆనాటి ఒక పాట పేరు మీద దానికి ‘షూ షూ బేబీ’ అని పేరు పెట్టి ముక్కు మీద రాయించారు. 1944 మేలో మొదటి పైలట్ పాల్ మెక్‌డఫీ తన వంతు దాడులు ముగించాక, రాబర్ట్ గుంథర్ బాధ్యత తీసుకున్నాడు. ఆ సందర్భంలోనే పేరులో మూడో ‘షూ’ చేరింది. కాబట్టి యుద్ధకాలపు ఫొటోలో రెండు షూలు ఉంటే అది ముందుది, మూడు ఉంటే తర్వాతది. మే 29న పోలండ్‌లోని పోజ్నాన్ విమాన కర్మాగారం మీద దాడికి వెళ్లి, ఇంజన్లు దెబ్బతినడంతో గుంథర్ బాల్టిక్ సముద్రం దాటి స్వీడన్‌లో దించాడు.

ఇక్కడి నుంచి విమానం రంగులు ఒకదాని వెంట ఒకటి మారిపోయాయి. నిర్బంధంలో ఉన్న అమెరికన్ వైమానికులను విడిచిపెట్టే ఏర్పాటులో భాగంగా స్వీడన్‌కు తొమ్మిది బి-17లు దక్కాయి. వాటిలో కొన్నిటిని సాబ్ సంస్థ ప్రయాణికుల విమానాలుగా మార్చింది. యుద్ధం ముగిశాక ఈ విమానం డెన్మార్క్ విమానయాన సంస్థకు వెళ్లి ఓవై-డిఎఫ్ఎ అయింది. తర్వాత డెన్మార్క్ సైన్యంలో గ్రీన్‌లాండ్ పటాల కోసం ఫొటోలు తీసింది. 1950లలో ఫ్రాన్స్ జాతీయ భూగోళ సంస్థ దాన్ని కొని ఎఫ్-బిజిఎస్‌హెచ్ అనే సంఖ్యతో సర్వేలకు నడిపింది. 1961 నాటికి పక్కన పడేసింది. అప్పటికి దాని మీద త్రికోణం లేదు, ఎల్ఎల్ లేదు, ముక్కు మీద పేరూ లేదు. ముక్కు ఆకారమే మారిపోయింది. 1960ల చివర ఆస్ట్రేలియా చరిత్రకారుడు స్టీవ్ బర్డ్‌సాల్ వెతుకులాటలో అది ఏ విమానమో బయటపడింది. కర్మాగారపు సంఖ్య నుంచి స్వీడన్ నిర్బంధ జాబితాకు, అక్కడి నుంచి 91వ గ్రూపు నష్టాల జాబితాకు గొలుసు కలిసింది.

ఫ్రాన్స్ ఆ విమానాన్ని అమెరికా వాయుసేనకు ఇచ్చింది. 1978 నుంచి 1988 దాకా డోవర్ వాయు స్థావరంలో స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని పునరుద్ధరించారు. 1944లో అది రంగు వేయని లోహపు తళతళతో ఎగిరింది. పునరుద్ధరణలో చాలా రేకులు మార్చవలసి రావడంతో అతుకులు కనబడకుండా ఆకుపచ్చ-బూడిద రంగులు వేశారు. అప్పుడు దాని మీద తిరిగి రాసిన అక్షరాలూ అంకెలూ సరైనవే. వాటి వెనకనున్న రంగు మాత్రం ఆనాటిది కాదు.

తటస్థుల సొంత గుర్తులు

ఎదుటివారి గుర్తులు చదవడం ఎంత అవసరమో, తమ గుర్తులు కనబడేలా పెట్టుకోవడం తటస్థ దేశాలకు అంత అవసరమైంది. ఐర్లండ్ తన తీరం వెంట కాపలా కేంద్రాల దగ్గర సున్నం పూసిన రాళ్లతో ‘ఐర్’ అనే దేశం పేరును భారీ అక్షరాల్లో పేర్పించింది. వాటిపై కేంద్రం సంఖ్య కూడా వేయడంతో, దారి తప్పిన పైలట్లకు అవి మైలురాళ్లుగా పనికొచ్చాయి.

స్విట్జర్లాండ్ ఇబ్బంది మరో రకం. యుద్ధానికి ముందు అది జర్మనీ దగ్గర మెసర్‌ష్మిట్ 109లు కొనుక్కుంది. 1940 వేసవిలో సరిహద్దు దాటిన జర్మన్ విమానాలను అడ్డుకున్నవి ఆ స్విస్ మెసర్‌ష్మిట్‌లే. ఎర్రచతురస్రంలో తెల్లశిలువ ఉన్నా, దూరం నుంచి ఆకారమే ముందు కనబడుతుంది. 1944 సెప్టెంబరు 5న దెబ్బతిన్న ఒక అమెరికన్ బాంబర్‌ను డూబెన్‌డార్ఫ్‌కు తోడ్కొని వస్తున్న రెండు స్విస్ మెసర్‌ష్మిట్‌లను అమెరికన్ ముస్టాంగ్ ఫైటర్లు జర్మన్ విమానాలనుకుని కాల్చాయి. ఒక స్విస్ పైలట్ చనిపోయాడు, రెండోవాడు గాయపడ్డాడు. ఆ నెలలోనే స్విస్ విమానాల రెక్కల మీదా దేహం మీదా వెడల్పాటి ఎరుపు-తెలుపు పట్టీలు వేశారు. స్విస్ విమానం ఫొటోలో ఆ పట్టీలుంటే అది ఆ ఘటన తర్వాతి కాలానిదని అర్థం.

వ్లాదివోస్తోక్‌లో బి-29లు

తటస్థత జపాన్‌తో మాత్రమే అన్న వింత పరిస్థితి సోవియట్ యూనియన్‌ది. జర్మనీతో యుద్ధంలో అది అమెరికాకు మిత్రదేశం. జపాన్‌తో మాత్రం 1941 ఏప్రిల్‌లో తటస్థతా ఒప్పందం చేసుకుంది. బెంగాల్‌లోని ఖరగ్‌పూర్, దాని చుట్టుపట్ల స్థావరాలు కేంద్రంగా ఉన్న అమెరికన్ ఇరవయ్యో బాంబర్ కమాండ్ విమానాలు చైనా మీదుగా మంచూరియా, జపాన్ లక్ష్యాలపై దాడి చేసేవి. వాటిలో మూడు బి-29లు 1944 జులై, నవంబరు నెలల్లో తిరిగి రాలేక వ్లాదివోస్తోక్ వైపు వెళ్లి చెక్కుచెదరకుండా దిగాయి. మొదటిది 42-6256, పేరు ‘ర్యాంప్ ట్రాంప్’. రెండోది 42-6365, వాయుసేనాధిపతి ఆర్నల్డ్ కర్మాగారంలో స్వయంగా సంతకం చేసిన విమానం. మూడోది 42-6358.

సిబ్బందిని కొంతకాలానికి ఇరాన్ మీదుగా గుట్టుగా పంపించేశారు, విమానాలను పంపలేదు. వాటి మీది నక్షత్రాలు చెరిగి ఎర్ర నక్షత్రాలు వచ్చాయి. ఒకదాన్ని విడదీసి ప్రతి భాగాన్నీ కొలిచి, టుపొలెవ్ సంస్థ టు-4 అనే నకలును కట్టింది. 1947 ఆగస్టు 3న మాస్కో దగ్గర తుషినోలో జరిగిన ప్రదర్శనలో మూడు టు-4లు ఎగిరాయి. గుర్తులన్నీ సోవియట్‌వే కావడంతో, చూసినవారికి అవి నిర్బంధంలో ఉన్న పాత మూడేనేమో అనిపించే వీలుంది. వాటి వెనకే అదే నమూనాపై కట్టిన నాలుగో విమానం, ప్రయాణికుల రకం, రావడంతో కొత్తగా తయారుచేస్తున్నారన్నది స్పష్టమైంది. రంగులు పూర్తిగా మార్చేసిన చోట ఆ వరుస సంఖ్యల జాబితా, ఎన్ని పోయాయన్న లెక్క, ఈ రెండే ఆధారాలయ్యాయి.

ఫొటోలోంచి పేరు తేల్చడం

నేటి పరిశోధకుల ముందుండేది చాలాసార్లు ఒక నలుపు-తెలుపు ఫొటో మాత్రమే. అందులో మొదటి చిక్కు రంగులది. ఎరుపును గ్రహించలేని పాతరకం ఫిల్ము మీద ఎర్ర అక్షరం నల్లగా పడుతుంది, పసుపు కూడా ముదురుగా కనబడుతుంది. వేరే రకం ఫిల్ము మీద అదే పసుపు దాదాపు తెల్లగా ఉంటుంది. దళం రంగును ఒక్క ఫొటోతో నిర్ణయిస్తే తప్పు వచ్చే అవకాశం ఎక్కువ. రెండో చిక్కు అక్షరాలది. ఇ, ఎఫ్ వంటివి పక్కనుంచి తీసిన మసక ఫొటోలో ఒకదానికొకటి పొరబడతాయి. 1944 నాటికి జర్మన్ రాత్రి ఫైటర్ల మీద దళ సంకేతాన్ని బాగా చిన్నగా రాయడం కూడా మొదలైంది.

అందువల్ల గుర్తింపు ఒక క్రమంలో సాగుతుంది. జాతీయ చిహ్నం రూపాన్ని బట్టి కాలాన్ని కుదించడం, విమానం ఆకారాన్ని బట్టి రకాన్నీ ఉపరకాన్నీ తేల్చడం, సంకేతాక్షరాల నుంచి దళాన్ని పట్టుకోవడం ముందు వస్తాయి. తర్వాత ఆ దళపు నష్టాల నివేదికలో తేదీ, వరుస సంఖ్య వెతుకుతారు. చివరిగా తటస్థ దేశపు పత్రాలతో సరిచూస్తారు. విమానం దిగిన రోజు, స్థలం, సిబ్బంది పేర్లు, ఫలకం సంఖ్య ఆ దేశపు అధికారులు నమోదు చేసి ఉంటారు. సొంత దేశపు నివేదికలో ‘తిరిగి రాలేదు’ అన్న ఒక్క వాక్యంతో ముగిసినది, తటస్థ దేశపు కాగితాల్లో పూర్తి వివరాలతో మొదలవుతుంది. ఈ రెండు దస్తావేజుల్లోనూ వరుస సంఖ్య ఒకటే అయితే గుర్తింపు ఖాయమైనట్టు. పక్కన రాసిన అక్షరాలు మాత్రమే కలిసి, సంఖ్య కలవకపోతే దాన్ని ఊహగానే లెక్కించాలి. ఎందుకంటే కోల్పోయిన విమానం అక్షరాన్ని దళాలు కొత్త విమానానికి తిరిగి కేటాయించేవి. ఒకే అక్షరాల కింద కొద్ది నెలల తేడాతో రెండు యంత్రాలు ఎగిరి ఉండవచ్చు.